ఫోటో అంచున నిలబడ్డవాళ్లు

ఫోటోను సన్న చుక్కలుగా విడగొట్టి లోహపు రేకు మీదికి ఎక్కించే హాఫ్‌టోన్ పద్ధతి 1880లలో వాడుకలోకి వచ్చింది. మన దేశంలో దీన్ని లోతుగా పరిశీలించినవారు కలకత్తాలోని ఉపేంద్రకిషోర్ రాయ్ చౌధురి, అంటే సత్యజిత్ రాయ్ తాతగారు. ఆ రేకును చెక్క దిమ్మకు బిగించి, అక్షరాల ఎత్తుకు తెచ్చి, వాటి పక్కనే ఫారంలో పెట్టేవాళ్లు. దాన్నే బ్లాకు అనేవాళ్లు.

బ్లాకుకు కొలత ముందే తేల్చాలి. ఫోటోలో ఎంతవరకు కావాలో గీతలు గీసి ఇస్తే అంతే తయారయ్యేది. గీత అవతల ఉన్నది ప్రెస్సుకు చేరేదే కాదు. తర్వాత మనసు మారితే మళ్లీ ఖర్చు పెట్టి కొత్త బ్లాకు చేయించాలి.

1985లో ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్ తెచ్చింది. వెనిస్‌లో పేరుపొందిన పాతకాలపు ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ పేరే ఆ కంపెనీ పెట్టుకుంది. పేజ్‌మేకర్‌లో క్రాపు చేస్తే బొమ్మ తెగిపోదు, దాక్కుంటుంది. 1987లో వచ్చిన క్వార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ముందు పెట్టె గీసి, తర్వాత అందులోకి బొమ్మ తేవాలి. 1999లో వచ్చిన ఇన్‌డిజైన్‌లోనూ ఫ్రేము వేరు, లోపలి బొమ్మ వేరు. ఫ్రేము కిటికీ అనుకుంటే, బొమ్మ దాని వెనకాల నిలబడి ఉంటుంది. కిటికీని కదపకుండా బొమ్మను జరపవచ్చు, బొమ్మను కదపకుండా కిటికీని పెద్దది చేయవచ్చు.

ఇందులో రెండు ఆజ్ఞలు ఒకేలా కనిపిస్తాయి గాని ఫలితం వేరు. బొమ్మంతా ఫ్రేములో పట్టాలంటే పక్కల ఖాళీ మిగలవచ్చు. ఫ్రేమంతా నిండాలంటే బొమ్మ అంచులు దాక్కోవచ్చు. ఖాళీ లేకపోతే పేజీ చూడ్డానికి బాగుంటుంది కాబట్టి చాలామంది రెండోదే నొక్కేస్తారు. గ్రూపు ఫోటోలో మొదట మాయమయ్యేది అంచున నిలబడ్డవాళ్లే.

అంచున ఎవరు నిలబడేవాళ్లో మన ఇళ్లలో అందరికీ తెలుసు. నడుమ కుర్చీల్లో పెద్దలు, చివర్న భర్త పోయి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ, చేరదీసిన దూరపు చుట్టం, పనిలో సాయానికి ఉన్న మనిషి. మా కుటుంబం పాత సంచికలో అచ్చయిన ఫోటోలో మా తాతగారి అక్క లేదు. పెట్టెలో దాచిన అసలు ప్రింటులో కుడివైపు చివర్న ఉంది, చంకలో బిడ్డతో. ఆ బిడ్డే మా నాయన.

అందుకే కొత్త పుస్తకంలో మేము ఫోటోను ఫ్రేముకు సరిపెట్టడం మాని, ఫ్రేమునే ఫోటోకు సరిపెట్టాం. పేజీకి కింద రెండు అంగుళాలు ఖాళీ వచ్చింది. అక్కడ ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ వేశాం.

ఇలాంటి పని పెట్టుకున్న ఇళ్లకు ఒక మాట. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫ్రేము బయటి భాగాన్ని తీసేసే ఎంపిక ఇన్‌డిజైన్‌లో ఉంటుంది. అది పెట్టి చేసిన పీడీఎఫ్‌లో దాక్కున్నవాళ్లు ఇక ఉండరు, పాత బ్లాకులాగే. పీడీఎఫ్ ఒక్కటే దాచుకుంటే చాలదు. ఫోటో నాలుగు అంచులూ కనిపించేలా స్కాన్ చేసి, ఆ ఫైలును విడిగా భద్రం చేయండి.