అవతలి ఒడ్డు మాండొలిన్

ఫ్యూజన్ పిచ్చి ఉన్నవాళ్ళతో ఓ చిక్కుంది. ఏదైనా పాట పేరు చెప్తే చాలు, "ఏ కచ్చేరీది?" అని అడుగుతారు. స్టూడియోలో చేసిన రికార్డయితే మొహం ముడుచుకుంటారు. నేనూ ఆ బాపతే. హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పావుగంట పాటు సాగే ముక్క వింటూ కోడు రాసుకుంటుంటే, పక్క సీటాయన "ఏంటి బాసూ, ఇంగ్లీషు పాటలా?" అంటాడు. నాకు నవ్వొస్తుంది. నేను వినేది మా ఊరికి ఒక్క గోదావరి పాయ అవతల పుట్టినాయన్ని!

మాది రాజోలు దగ్గర. చించినాడ వంతెన లేని రోజుల్లో పంటు మీద వశిష్ఠ దాటి పాలకొల్లు వెళ్ళేవాళ్ళం. పాలకొల్లు అంటే మా ఇంట్లో క్షీరారామం, దిబ్బరొట్టె, అల్లు రామలింగయ్య, దాసరి. ఉప్పలపు శ్రీనివాస్ పేరు మాత్రం ఎవరూ ఎత్తగా వినలేదు. నాకాయన్ని పరిచయం చేసింది బెంగాలీ కొలీగొకడు అరువిచ్చిన సీడీ. 'సాటర్డే నైట్ ఇన్ బాంబే'.

ఆ సీడీ కథ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లండు గిటారిస్టు మైల్స్ డేవిస్‌తో వాయించి, 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి, చెవులు చిల్లులు పడే ఎలక్ట్రిక్ సంగీతంతో పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత అవన్నీ పక్కనబెట్టి, అకూస్టిక్ గిటారుతో మనవాళ్ళ మధ్య కింద కూర్చున్నాడు. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం. అదే 'శక్తి'. వాళ్ళ మొదటి ఆల్బం స్టూడియోలో పుట్టలేదు. 1975 జూలై 5న అమెరికాలో లాంగ్ ఐలాండ్ మీద ఒక కాలేజీ కచ్చేరీలో రికార్డయింది. ఆ తర్వాత స్టూడియో ఆల్బంలు రెండు చేసి, విడిపోయారు.

మళ్ళీ 1997లో హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో 'రిమెంబర్ శక్తి'గా మొదలైంది. కొద్దికాలానికి వేణువు స్థానంలోకి మాండొలిన్ వచ్చింది. వినాయకరామ్ గారి అబ్బాయి సెల్వగణేశ్ కంజీరాతో చేరాడు. 1999లో యూరప్ కచ్చేరీల నుంచి 'ద బిలీవర్', 2000 డిసెంబర్లో బొంబాయి షణ్ముఖానంద హాల్లో చేసిన రెండు రాత్రుల నుంచి 'సాటర్డే నైట్' వచ్చాయి. ఈ రెండో దాంట్లో శంకర్ మహదేవన్ పాడిన 'గిరిరాజ్ సుధ' మన త్యాగయ్య గారి బంగాళ రాగ కృతే. ఇంకో సంగతి గమనించారా? శ్రీనివాస్ ఉన్న శక్తికి స్టూడియో ఆల్బం ఒక్కటీ లేదు. ఆయన అక్కడ చేసిందంతా జనం ముందు చేసిందే.

ఇంతకీ లైవ్ మీద ఇంత మోజెందుకు? స్టూడియోలో తప్పు పడితే చెరిపి మళ్ళీ వాయించొచ్చు. కచ్చేరీలో అన్‌డూ లేదు. జాజ్ వాళ్ళు ముందు బాణీ వాయించి, తర్వాత ఒక్కొక్కరూ దాన్ని అల్లుకుంటూ పోతారు. మనవాళ్ళు కృతి అయ్యాక కల్పనస్వరాలు వేస్తారు, తని ఆవర్తనం వాయిస్తారు. రెండింటికీ ప్రాణం ఒకటే, అప్పటికప్పుడు పుట్టాలి. గిటారు ఒక మాట అంటుంది. మాండొలిన్ దాన్ని గమకంతో తిప్పి జవాబిస్తుంది. మాటలు పొట్టివవుతూ, వేగం పెరుగుతూ, చివరికి ఇద్దరూ ఒకేచోట దిగుతారు. హాల్లోంచి ఒక కేక లేస్తుంది. సీడీలో ఆ కేక కూడా ఉంటుంది. మాలాంటి వాళ్ళం కొనుక్కునేది ఆ కేకనే.

సరే, పాలకొల్లుకి వద్దాం. 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టాడు శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసులు. ఆరేళ్ళ వయసులో ఇంట్లో ఉన్న మాండొలిన్ చేతిలోకి తీసుకున్నాడు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజు గారు గురువు. ఆయనకి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగల మీద పలికించేవాడు. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి, మీటితే టింగుమని ఆగిపోతుంది. గమకానికి నాదం నిలవాలి కదా! అందుకని ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, దానికి ఐదు ఒంటి తీగలు కట్టించుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచ్చేరీ. 1983లో, పద్నాలుగేళ్ళకే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వాయించాడు.

అంటే నా లెక్కలో ఫ్యూజన్ బొంబాయిలో మొదలవలేదు. యూరప్ క్లారినెట్, ఇటలీ మాండొలిన్, చెంబై బాణీ, ఈ మూడూ పాలకొల్లులో ఒక ఇంటి చుట్టూ అప్పటికే కలిశాయి. దానికి ఫ్యూజన్ అని పేరు పెట్టేవాళ్ళు లేరంతే. మా వైపు కూడా అంతేగా! పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్ళు ఇంగ్లీషు బాకాల మీద త్యాగరాజ కృతి ఎత్తుకుని, దాంట్లోంచి సినిమా పాటలోకి దూకి, డోలు వాయిద్యంతో జవాబులాడేవాళ్ళు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు ఊగుతుంటే వాయిద్యాల హోరుకి జనం కేకలు కలిసేవి. అదీ లైవే. మనం మాత్రం దాన్ని సంగీతం అనలేదు, చప్పుడు అన్నాం. బ్యాండు వాళ్ళకి భోజనాలు ఎక్కడ, ఎప్పుడు పెట్టేవాళ్ళమో చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. 2024లో 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' సినిమా చూస్తూ అదే గుర్తొచ్చింది. మన దగ్గరున్నదాన్ని బొంబాయి వాడు సీడీలో పెట్టి ఇస్తే తప్ప మనకి చెవికెక్కదు.

ఈ నీతులు చెప్పే నేనేం చేశానో కూడా చెప్పాలి. నేనున్న ఊళ్ళో ఒకసారి శ్రీనివాస్ కచ్చేరీ పడింది. టికెట్ కూడా కొన్నాను. అదే శనివారం రాత్రి మా ప్రాజెక్టు రిలీజు. "మళ్ళీ వస్తాడులే, ఇంకా కుర్రాడే" అనుకుని టికెట్ రూమ్మేట్‌కిచ్చేశాను. 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్ళకే, చెన్నైలో ఆయన పోయారు. ఆ రాత్రి మేము రిలీజు చేసిన సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎవరూ వాడట్లేదు.

2023లో శక్తి మళ్ళీ స్టూడియో ఆల్బం చేసింది. 1977 తర్వాత అదే మొదటిది, పేరు 'దిస్ మొమెంట్'. 2024 ఫిబ్రవరిలో గ్రామీ కూడా వచ్చింది. మాండొలిన్ లేదు, కానీ మొదటి పాట పేరు 'శ్రీనీస్ డ్రీమ్'. ఆ డిసెంబర్లో జాకిర్ కూడా వెళ్ళిపోయారు.

ఇప్పుడు రాజోలు వెళ్ళినప్పుడల్లా వంతెన మీద కారులో ఆ బొంబాయి రాత్రి పెట్టుకుంటాను. పాలకొల్లు చేరేలోపు ఒక పాట కూడా అవ్వదు, ఇంత దగ్గర. మీ ఊళ్ళో బ్యాండు మేళం ఇంకా ఉంటే, ఈసారి పెళ్ళికెళ్ళినప్పుడు భోజనాలకి పరిగెత్తకుండా ఓ పావుగంట నిలబడి వినండి. వాళ్ళు మనకోసం రికార్డు చేసి పెట్టరు.