కంచె కథ, మూలరాయి సంగతి

పైరు వేయడం ఒక ఎత్తు, దాన్ని గొడ్డు నోట పడకుండా కాపాడుకోవడం ఒక ఎత్తు. ఈ తగవులు ముదిరే 1871లో పశువుల అతిక్రమణ చట్టం చేయవలసి వచ్చినది. మీ ఊరి బందెలదొడ్డి ఆ చట్టం కిందిదే.

మన పెద్దల కంచె తుమ్మకంప, రేగుకంప. ఖర్చు లేదు గాని చెదపట్టేది, ఏటేటా మళ్లీ వేయవలసినదే. పిమ్మట నాగజెముడు వచ్చింది. అమెరికా ఖండపు మొక్క. గట్టున ఒక మట్ట గుచ్చితే చాలు, నీరు పోయకుండానే పెరిగేది. తీరా అది బీళ్లూ డొంకలూ ఆక్రమించింది. కంచే చేను మేయడమంటే ఇదే గదా! 1926లో సింహళం నుంచి తెచ్చి వదిలిన, పిండినల్లిని పోలిన పురుగొకటి దాన్ని దక్షిణదేశంలో చాలామట్టుకు అణచింది.

ముళ్లతీగకు పేరుతెచ్చినవాడూ ఒక రైతే. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రం, డికాల్బ్ కాపురస్థుడు జోసెఫ్ గ్లిడెన్. 1874 నవంబరు 24న ఆయనకు పేటెంటు దొరికినది. ఆ మైదానాల్లో కలపా తక్కువ, రాయీ తక్కువ. ఉత్త తీగను పశువులు ఒరుసుకొని తోసేసేవి. ఆయన తీగకు ముల్లు చుట్టి, అది జారకుండా రెండో తీగతో పురిపెట్టాడు. కిటుకు అంతే.

అయితే తీగతోపాటు కొత్త చిక్కూ వచ్చింది. కంప తన బరువు తాను మోసుకొంటుంది. బిగించిన తీగ అలా కాదు. దాని లాగుడంతా కొసన ఉన్న రాయిమీద పడుతుంది. నేను చూసిన ఒక బత్తాయి తోటలో కడీలు మంచివి, తీగ మంచిది, ఏడాది తిరక్కుండా మూలరాయి లోపలికి ఒరిగింది. "రాయి లోతు చాల్లేదండీ" అన్నాడు తోట ఆసామి. లోతు మూడడుగులున్నది. లేనిది ఊతం. తీగ ఎటు లాగుతుందో అటువైపే ఏటవాలు రాయి నిలబెట్టాలి. మూలకు రెండు దిక్కుల లాగుడు గనుక రెండు ఊతాలు. ఊతం పొట్టిదై నిటారుగా ఉంటే మూలరాయిని పైకి పెకలిస్తుంది. అంచేత పొడుగుది తీసుకొని, కాలు దూరంగా పెట్టి, దాని కింద ఒక బండ పాతాలి.

ఊగే కంచెతో విసిగి, పందుల కోసమని తీగకు కరెంటు తగిలించినవారున్నారు. మనుషులే పోయారు. ఆ పని వద్దు.

ఆ ఆసామి తీగ విప్పించి, రెండు ఊతాలు పెట్టించి, మట్టి దిమ్మిస కొట్టించి మళ్లీ బిగించాడు. రాయి ఇప్పుడు కదలడం లేదు.