తిమ్మిరి నుంచి స్పర్శ దాకా

ఇంజనీరింగు చదివిన నా తరం వాళ్ళలో చాలామందికి పిస్కాటవే పేరు అమెరికా రాకముందే పరిచయం. కాలేజీ లైబ్రరీలో ఐ-ట్రిపుల్-ఈ పత్రికలు తిరగేస్తే చిన్న అక్షరాల్లో "445 హోస్ లేన్, పిస్కాటవే, న్యూజెర్సీ" అని చిరునామా కనిపించేది. దాన్ని ఎలా పలకాలో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు అదే రోడ్డు మీదుగా కూరగాయలకు వెళ్ళివస్తున్నాం. ఆ సంస్థ 2008లో కేవలం స్పర్శ మీదే ఒక పరిశోధన పత్రిక మొదలుపెట్టింది. చూపుకీ వినికిడికీ ఎన్నడో దక్కిన గౌరవం స్పర్శకు ఇంత ఆలస్యంగా దక్కిందన్నమాట.

ఆ మాటకొస్తే ఈ ఊరు అంతకుముందే ఆ పనిలో ఉంది. ఇక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయంలో 1990లలో గ్రిగోరే బుర్డియా గారు ఒక చేతితొడుగు తయారుచేశారు. అరచేతిలో అమర్చిన చిన్న గాలి పిస్టన్లు వేలికొసల్ని వెనక్కి నెడతాయి. కంప్యూటరు తెర మీది బంతిని పట్టుకుంటే నిజంగానే ఏదో చేతికి అడ్డుతగిలినట్టుంటుంది. అదే విశ్వవిద్యాలయంలో విలియం క్రేలియస్ గారు 'డెక్స్‌ట్రా' అనే కృత్రిమ హస్తం చేశారు. చెయ్యి పోయినా, మిగిలిన భాగంలో కండరాలు, స్నాయువులు ఇంకా కదులుతూనే ఉంటాయి. ఆ కదలికలు పసిగట్టి వేళ్ళను విడివిడిగా కదిలించవచ్చని ఆయన చూపించారు. మెదడు నుంచి చేతికి ఆజ్ఞ పంపడానికి దారి దొరికింది. చేతి నుంచి మెదడుకు కబురు తిరిగి రావడం ఎలా?

ఈ రెండో దారి కథ వందేళ్ళ కిందటే మొదలైంది. మెదడుకు తన మీద తనకు స్పర్శ లేదు, కోసినా నొప్పి తెలియదు. అందుకే మెలకువగా ఉన్న రోగికి శస్త్రచికిత్స చేస్తూ మాట్లాడించవచ్చు. 1909లో హార్వే కుషింగ్ అలాగే ఇద్దరు రోగుల మెదడు పైపొర మీద ఒకచోట కొద్దిపాటి విద్యుత్తు తాకించారు. ఎవరూ ముట్టుకోని చేతిలో వాళ్ళకు ఏదో తెలిసింది. మాంట్రియాల్‌లో పెన్‌ఫీల్డ్ ఇదే పని ఎంతోమంది రోగుల మీద ఓపిగ్గా చేసి, ఏ భాగం ఎక్కడ పలుకుతుందో 1937లో పటం గీశారు. అందులో వేళ్ళకూ పెదవులకూ దక్కిన చోటు వీపంతటికీ దక్కలేదు.

అయితే రోగులు చెప్పింది ఎక్కువగా ఒకటే: జివ్వుమంది, మొద్దుబారింది. మన తెలుగులో ఒక్క మాటలో తిమ్మిరి. ఎవరైనా తాకినట్టు కాదు, కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే పుట్టే గోల. కరెంటు ఒకేసారి వేల కణాలను కదిలిస్తుంది. కచేరీలో వాద్యాలన్నీ ఒక్కసారి మోగినట్టు.

ఆ గోలను సర్దడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2014లో క్లీవ్‌లాండ్‌లో డస్టిన్ టైలర్ బృందం మెదడు జోలికి పోకుండా, తెగిన చేతిలోని నరాల చుట్టూ ఎలక్ట్రోడులు అమర్చింది. కరెంటు ఎప్పుడూ ఒకే మోతాదులో కాకుండా హెచ్చుతగ్గులతో పంపితే ఇగోర్ స్పెటిక్ అనే వ్యక్తికి తిమ్మిరి పోయి తాకిడిలా అనిపించింది. చెర్రీ పండు నలగకుండా తొడిమ తుంచగలిగాడు. లేని చేతిలో ఏళ్ళ తరబడి వేధించిన నొప్పి కూడా చాలావరకు తగ్గింది. నా మటుకు నాకు చెర్రీ కన్నా ఇదే పెద్ద విషయం.

వెన్నుపూస దెబ్బతిన్నవారికి నరాల దారీ మూసుకుపోతుంది. పిట్స్‌బర్గ్‌లో నేథన్ కోప్‌లండ్ 2004లో కారు ప్రమాదంలో అలా అయినవాడే. మెదడులోనే అమర్చిన ఎలక్ట్రోడులతో, కళ్ళకు గంతలు కట్టుకుని, యంత్రపు చేతిలో ఏ వేలిని తాకారో నూటికి 84 సార్లు సరిగ్గా చెప్పాడని 2016లో ప్రకటించారు. 2021 నాటి ఫలితం ఇంకా గట్టిది. వస్తువుల్ని తీసి పెట్టే పనికి స్పర్శ లేనప్పుడు 20.9 సెకన్లు, స్పర్శ ఉంటే 10.2 సెకన్లు.

ఇక్కడ మన హైదరాబాదు వస్తుంది. కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదివి అమెరికా వచ్చిన రాజేశ్ రావు గారు సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. సింధు లిపి మీద 2009లో ఆయన రాసిన వ్యాసం మనవాళ్ళలో కొందరికి గుర్తుండవచ్చు. మూర్ఛవ్యాధి చికిత్స కోసం మెదడు మీద ఎలక్ట్రోడులు పెట్టించుకున్న రోగుల సహకారంతో, ఆయనా న్యూరోసర్జన్ జెఫ్రీ ఓజెమన్ గారూ ఉన్న బృందం ఒక సూటి ప్రశ్న వేసింది: మెదడు ఈ కృత్రిమ స్పర్శకు ఎంత త్వరగా స్పందిస్తుంది? చర్మం మీద తాకితే ముందు నరాల వెంట ప్రయాణం ఉంది. నేరుగా మెదడుకే ఇస్తే ఆ ప్రయాణం మిగిలిపోతుంది కాబట్టి ఇంకా త్వరగా తెలియాలి కదా అని ఏ ఇంజనీరైనా అనుకుంటాడు.

2019లో వచ్చిన జవాబు తలకిందులు. చేతిని తాకితే నలుగురు రోగులు స్పందించిన సమయం 198 నుంచి 313 మిల్లీసెకన్లు. మెదడును తాకితే 254 నుంచి 528. అలవాటు చేసినా తేడా పెద్దగా తగ్గలేదు. దగ్గరిదారిలో పంపిన ఉత్తరం ఆలస్యంగా అందిందన్నమాట. బహుశా ఆ ఉత్తరం మెదడుకు తెలిసిన దస్తూరీలో లేదేమో, కూడబలుక్కుని చదువుకోవలసి వస్తోందేమో. ఇది నా ఊహ మాత్రమే.

ఈ తేడా చిన్నది కాదు. చేతిలో స్టీలు గ్లాసు జారబోతే, ఆరోగ్యమైన వేళ్ళు దాదాపు 70, 80 మిల్లీసెకన్లలోనే పట్టు బిగిస్తాయి, మనకు తెలిసేలోపే. అర సెకను తరవాత తెలిస్తే గ్లాసు నేల మీద ఉంటుంది. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గిన మన పెద్దవాళ్ళు చెప్పు ఎక్కడో జారిపోయినా తెలియక నడుస్తూంటారు. స్పర్శ అంటే ఏమిటో వాళ్ళను అడిగితే చెబుతారు.

అందుకే జారడాన్ని పసిగట్టి పట్టు బిగించే పనిని చేతికే అప్పగించిన యంత్రాలున్నాయి. జర్మనీ ఒట్టోబాక్ వారి సెన్సార్‌హ్యాండ్ స్పీడ్ అలాంటిదే. అది మెదడును అడగదు. గ్లాసు నిలుస్తుంది గాని, పట్టుకున్నవాడికి ఆ గ్లాసు అందినట్టు తెలియదు. ఆ మిగిలిన పని మీదే సియాటిల్‌లోనూ పిట్స్‌బర్గ్‌లోనూ ఎలక్ట్రోడులు పెట్టించుకున్న మనుషులు గంటల తరబడి కూర్చుని, ఇప్పుడు తెలిసింది, ఇప్పుడు తెలియలేదు అని చెబుతూ వచ్చారు.