25ఐ-ఎన్‌బోమ్: పరిశోధనశాల నుంచి వీధికెక్కిన అణువు

డిజైనర్ డ్రగ్ అనగానే చట్టం కళ్లుగప్పడానికి చాటుమాటుగా తయారుచేసిన సరుకే గుర్తుకొస్తుంది. 25ఐ-ఎన్‌బోమ్ విషయంలో ఆ ఊహ సగమే నిజం. బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీలో రాల్ఫ్ హైమ్ చేసిన పిహెచ్.డి. పరిశోధనలో, 2003 నాటికి ఇది వెలుగు చూసింది. ఆయన వెతికింది మత్తు కోసం కాదు; మెదడులోని 5-హెచ్‌టీ2ఎ అనే సెరటోనిన్ గ్రాహకాన్ని బలంగా ప్రేరేపించే అణువుల కోసం. మత్తు బజారులోకి ఇది వచ్చింది 2010 ప్రాంతంలో.

దీనికి మాతృక 2సీ-ఐ. అలెగ్జాండర్ షుల్గిన్ 1991లో భార్య ఆన్‌తో కలిసి వెలువరించిన 'పీకాల్'లో వర్ణించిన ఫెనెథైలమీన్లలో అదొకటి. ఈ కుటుంబపు అణువుల్లో నైట్రోజన్‌కు మామూలు ఆల్కైల్ సమూహం తగిలిస్తే భ్రాంతి కలిగించే శక్తి పడిపోతుందన్నది అప్పటి అనుభవం. హైమ్ అక్కడ మిథాక్సీ బెంజైల్ సమూహాన్ని చేర్చేసరికి ఫలితం తలకిందులైంది. ఎందుకన్నది 2006లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మైకేల్ బ్రేడెన్, డేవిడ్ నికోల్స్ బృందం పరిశీలించింది. గ్రాహకంలో 339వ స్థానంలో ఉన్న ఫెనైలలనిన్‌ను మార్చి చూస్తే బెంజైల్ అణువుల పట్టు బాగా సడలింది. సాదా ఫెనెథైలమీన్లకు మాత్రం పెద్ద తేడా రాలేదు. అంటే ఈ అదనపు వలయం గ్రాహకంలో తనకంటూ మరో ఆసరా వెతుక్కుంటోంది. 25ఐ-ఎన్‌బోమ్ బంధన స్థిరాంకం 0.044 నానోమోలార్‌గా నమోదైంది. ఈ అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిదని అర్థం.

పరిశోధకుడికి ఇంతకన్నా కావలసిందేముంది? దీని సోదర అణువు 25బీ-ఎన్‌బోమ్‌కు రేడియోధార్మిక కార్బన్-11 జోడించి, కోపెన్‌హాగన్ శాస్త్రజ్ఞులు సింబి-36 పేరిట పెట్ స్కానింగ్‌కు వాడారు. సజీవ మానవ మెదడులో ఈ గ్రాహకాలు ఎక్కడెక్కడున్నాయో దానితో చూడగలిగారు.

దొంగ వ్యాపారికీ అదే గుణం కలిసొచ్చింది. మిల్లీగ్రాములో కొంత భాగమే మోతాదు కనుక కాగితపు బిళ్ల మీద ఇమిడిపోతుంది; ఎల్ఎస్‌డీ అని చెప్పి అమ్మవచ్చు. అయితే శక్తి ఎక్కువ కావడమే మరణాలకు కారణమనే వాదన నాకు సరిపోదనిపిస్తుంది. ఎల్ఎస్‌డీ కూడా మైక్రోగ్రాముల్లోనే పనిచేస్తుంది కదా! ఎల్ఎస్‌డీ ఈ గ్రాహకాన్ని పాక్షికంగా ప్రేరేపిస్తే, ఎన్‌బోమ్ ప్రేరణ అంతకన్నా బలమైనది. రక్తనాళాల మృదుకండరాల్లోనూ ఇవే గ్రాహకాలున్నాయి; అక్కడ ప్రేరణ అంటే నాళాల సంకోచం. తీవ్ర ఉద్రేకం, గుండె వేగం, అధిక రక్తపోటు, విపరీతమైన జ్వరం, మూర్ఛలు, కండరాలు విచ్ఛిన్నమై మూత్రపిండాలు దెబ్బతినడం వైద్యులు నమోదు చేసిన లక్షణాలు. కాగితం మీద మందు సమంగా పరుచుకోకపోవడం దీనికి తోడు. అమెరికాలో 2012 మార్చి నుంచి 2013 నవంబరు మధ్య కనీసం 19 మరణాలను ఎన్‌బోమ్‌లతో ముడిపెట్టారు.

తన ప్రచురణల్లోని ఎంటీఏ అనే మరో అణువును ఎవరో తయారుచేసి అమ్మగా మనుషులు చనిపోయారని నికోల్స్ 2011లో 'నేచర్' పత్రికలో బాధతో రాశారు. ఆయనను తప్పుపట్టలేం. గ్రాహక బంధన పత్రాల్లో పట్టు ఎంతో ఉంటుంది, మనిషి శరీరం ఎంత తట్టుకుంటుందో ఉండదు. అమ్మకందారులు మొదటిది మాత్రమే చదివారు.

25ఐ, 25బీ, 25సీ ఎన్‌బోమ్‌లను అమెరికా 2013 నవంబరులో తాత్కాలికంగా నిషేధించింది. 2015లో ఐక్యరాజ్యసమితి 1971 ఒడంబడిక మొదటి షెడ్యూలులో చేర్చింది. హైదరాబాదు సహా మన దగ్గర పట్టుబడే కాగితపు బిళ్లలను రూపును బట్టి ఎల్ఎస్‌డీగా లెక్కగట్టకూడదు. ఇండోల్ నిర్మాణమున్న ఎల్ఎస్‌డీకి ఎర్లిక్ ద్రావకం ఊదారంగు ఇస్తుంది, ఎన్‌బోమ్‌కు ఇవ్వదు. మామూలు మూత్ర పరీక్షకూ ఇది దొరకదు. ఎల్ఎస్‌డీ తీసుకున్నానంటూ మూర్ఛలతో, ఒళ్లు కాలిపోతూ వచ్చిన రోగి విషయంలో వైద్యులు ఎన్‌బోమ్‌ను అనుమానించాలి. నమూనాను మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపాలి.