చింతపల్లి దారి

కాఫీ తోటల నడుమ ఉన్న కొండ ఊరు చూడాలంటే మనలో ఎవరైనా ముందుగా చెప్పేది అరకు పేరే. రైలుంది, బొర్రా గుహలున్నాయి, సినిమా పాటల్లో చూసి చూసి కళ్ళకు అలవాటైపోయిన వలిసెపూల పసుపుంది. నేను మాత్రం పోయిన శీతాకాలంలో అరకు కాదని చింతపల్లి వెళ్ళాను. కారణం చెబితే కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. నేను చూడాలనుకున్నది ఊరికన్నా ఆ ఊరికి ఎక్కే దారిని.

మాది దమ్మపేట. ఖమ్మం మైదానం అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యే అంచున ఉంటుంది. మామిడి తోటలు, జీడిమామిడి, ఇప్పుడైతే ఎటు చూసినా పామాయిల్. చుట్టూ కోయ గూడేలు. మా ఊరికీ చింతపల్లికీ ఏమిటి సంబంధం అంటారేమో. 1879 మార్చిలో చోడవరం దగ్గర రంప తిరుగుబాటు మొదలయింది. ఆ ఏడే అది ఒకవైపు విశాఖ జిల్లా గొలుగొండ కొండలకూ, మరోవైపు మా భద్రాచలం తాలూకాలోని రేకపల్లికీ పాకింది. చింతపల్లి ఆ గొలుగొండ మన్యంలోని ఊరే. మా వైపు అగ్గి రాజుకోవడానికి కారణం కూడా దాదాపు ఒకటే. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మధ్య పరగణాల నుంచి మద్రాసు ప్రభుత్వం చేతికి వచ్చాయి. అప్పటిదాకా పెద్దగా అడిగేవాళ్ళు లేని పోడు మీద పన్ను పెరిగింది, కట్టడి బిగిసింది. రంపలో చిగురుపన్ను, అంటే కల్లు మీద పన్ను, ఎంత మంట పెట్టిందో రేకపల్లిలో పోడు పన్ను అంత మంట పెట్టింది. రెండు చోట్లా ప్రశ్న ఒకటే, కొండ ఎవరిది అని. ఆ ప్రశ్న మా ఇంట్లో కూడా ఒకటుంది. దాని సంగతి చివర చెబుతాను.

దమ్మపేట నుంచి అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా రాజమండ్రి చేరి, అక్కడ గోదావరి దాటి, అన్నవరం, తుని మీదుగా నర్సీపట్నం వెళ్ళాను. అసలు దారి అక్కడే మొదలవుతుంది. నర్సీపట్నం దాటిన కాసేపటికి చెరుకు, వరి చేలు వెనకబడి బస్సు ఘాటీ ఎక్కుతుంది. ఒక్కొక్క మలుపుకూ గాలి మారుతుంది. లంబసింగి వచ్చేసరికి ఉన్న ఒక్క శాలువా చాలలేదు. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతాడట. ఇప్పుడు చలి చూడటానికి జనం కార్లు వేసుకుని వస్తున్నారు. తెల్లవారుజామున రోడ్డు పక్క నెగళ్ళు వేసుకుని, పొగమంచులో ఫొటోలు దిగుతున్నారు.

ఆ ఫొటోలు దిగే రోడ్డుకే ఒక చరిత్ర ఉంది. 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ అనేవాడు ఉండేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పని అతని అజమాయిషీలో జరిగింది. కొండవాళ్ళను బలవంతాన పనికి తోలడం, ఇవ్వవలసిన కూలిలో కొంత మాత్రమే చేతిలో పెట్టడం, అడిగితే కొట్టించడం. అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చి నలభై ఏళ్ళు. రిజర్వు గీత లోపల పోడు కొట్టకూడదు, కట్టె తేకూడదు, పశువును తోలకూడదు. పంట పండించుకునే కొండ పోయింది. పోయిన కొండ మీదికి సర్కారు ఎక్కి రావడానికి రోడ్డు కావాలి. ఆ రోడ్డు వేయవలసింది కొండ పోగొట్టుకున్నవాడే. బస్సు కిటికీ పక్కన కూర్చుని మలుపులు లెక్కపెట్టుకుంటూ ఉంటే నాకు తోచింది ఇదే.

మన్యంలో ఉంటున్న అల్లూరి సీతారామరాజు దగ్గరకు జనం ఈ మొరలే తెచ్చారు. ఆయన మొదట చెప్పింది తుపాకులు పట్టమని కాదు. కల్లు మానండి, తగవులకు కోర్టులకెక్కకండి, మీ పంచాయితీలు మీరే చేసుకోండి అన్నాడు. బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, మల్లుదొర సోదరులు ఆయనతో కలిశారు. గంటందొరకు బాస్టియన్‌తో పాత తగవు ఉండనే ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. అన్నీ కలిపి 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు చేతికి వచ్చాయి. ఏమేం తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో వివరంగా రాసి రాజు సంతకం పెట్టాడని చెబుతారు. తర్వాత తర్వాత ఎక్కడికి వస్తున్నాడో మిరపకాయ కట్టిన కబురు ముందే పంపేవాడట. మిరపకాయ టపా అని దానికి పేరు. మనం రాసుకునే రాతలను టపాలు అని పిలుచుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ మాటే. అంత ఘాటుగా రాసినవాడు మనలో ఇంకా పుట్టలేదు.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు రాజు దళం చేతిలో చనిపోయారు. ఆ తరువాత మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగాయి. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. మల్లుదొర మాత్రం జైలు శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళాడు. తుపాకి కోసం స్టేషను మీద పడిన మనిషి ముప్పై ఏళ్ళకు చట్టం చేసే సభలో కూర్చున్నాడన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

చింతపల్లిలో దిగి ఇప్పటి పోలీసు స్టేషను ముందు కాసేపు నిలబడ్డాను. చూడటానికి మామూలు ఊరే. బస్సు కాంప్లెక్సు, సెల్‌ఫోను దుకాణాలు, టిఫిను బళ్ళు. అయితే నేను వెళ్ళింది సంత రోజు. రంగులన్నీ ఆ రోజే కొండ దిగుతాయి. కుప్పలు పోసిన పసుపు కొమ్ములు, తెలుపులోనూ ఎరుపులోనూ రాజ్మా గింజలు, ఎండు పిప్పళ్ళు, చింతపండు గంపలు, కొండచీపుర్ల కట్టలు, అడ్డాకులు. ముక్కుకు రెండు వైపులా పుడకలు, మధ్యన బులాకీ పెట్టుకున్న అవ్వలు. ఒక మూల తెలుగు, ఒక మూల ఆదివాసీ ఒరియా, ఇంకో మూల కువి. మా దమ్మపేట సంతలో తెలుగు పక్కన కోయ భాష వినిపించినట్టే ఇక్కడ మూడు భాషల బేరాలు ఒకే తక్కెడ చుట్టూ నడుస్తాయి. ఊరి చుట్టుపక్కల ఇళ్ళ ముందు టార్పాలిన్ పట్టాల మీద కాఫీ ఎండుతోంది. అప్పుడే కోసిన పండు ఎర్రన, రెండు రోజులు ఎండినది గోధుమ రంగు, బాగా ఎండినది నలుపు. ఒకే వాకిట్లో మూడు రంగులు.

కాఫీ ఇక్కడి మొక్క కాదు. 1898లో గోదావరి మన్యంలోని పాములేరు లోయలో ఒక ఆంగ్లేయుడు మొదట నాటించాడు. అక్కడి నుంచి పుల్లంగికీ, గూడేనికీ వచ్చింది. 1920లలో, అంటే రాజు తిరిగిన రోజుల్లోనే, అనంతగిరి, చింతపల్లి ప్రాంతాలకు చేరింది. అప్పట్లో నిలదొక్కుకోలేదు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడ్డాక కొండవాళ్ళ చేత కాఫీ వేయించే పని ఆ సంస్థ మీద పెట్టారు. 1960లలో అటవీశాఖ తానే రిజర్వు అడవిలో పదివేల ఎకరాల పైన తోటలు వేసింది. 1985లో వాటిని అటవీ అభివృద్ధి సంస్థకు అప్పగించింది. చింతపల్లి దగ్గర ఆర్వీ నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధనా కేంద్రం 1976లో వచ్చింది. ఇప్పుడు పాడేరు మన్యంలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. ఎక్కువ భాగం గిరిజనుల చిన్న చిన్న తోటలే. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పారిస్‌లో ఈ కాఫీ పేరిట దుకాణం వెలిసిందని మనమంతా పేపర్లో చదువుకుని సంతోషించాం కూడా.

ఈ లెక్కల వెనక ఉన్న మనిషిని ఒకరోజు కలిశాను. చింతపల్లి పైన ఒక గూడెంలో ఆయనకు తోట ఉంది. వయసు డెబ్భై దాటి ఉంటుంది. తోట అంటే మనం అనుకునే వరసల తోట కాదు. పైన సిల్వర్ ఓక్ చెట్లూ, అడవి చెట్లూ, వాటి మానులకు అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో నడుమెత్తు కాఫీ పొదలు. ఎండ నేల మీద చిల్లులు చిల్లులుగా మాత్రమే పడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తొలి జల్లు పడగానే కొమ్మల నిండా తెల్లగా పూస్తుందని, పూత నిలబడాలంటే ఆ జల్లు వేళకు రావాలని చెప్పాడు. కోత నవంబరులో మొదలై జనవరి దాకా సాగుతుంది. ఎర్రబారిన పండును మాత్రమే ఏరి కోయాలి. పచ్చిదాన్ని కలిపితే ధర పోతుంది.

కాఫీ ఇస్తాడనుకున్నాను. టీ ఇచ్చాడు. నా ముఖం చూసి నవ్వి, "కాఫీ అమ్ముకోడానికి బాబూ, తాగడానికి టీ" అన్నాడు.

తరువాత తన కథ చెప్పాడు. వాళ్ళ నాన్న ఈ వాలులోనే పోడు కొట్టి సామలు, చోళ్ళు పండించేవాడట. గార్డులు వచ్చినప్పుడల్లా కోడి, అది లేకపోతే తేనె. తరువాత ఆ పక్క వాలులో అటవీశాఖ కాఫీ వేస్తే వాళ్ళమ్మ మొక్కలు మోసే కూలికి వెళ్ళింది. ఈయన కుర్రతనంలో ఆ తోటలోనే బస్తాలు మోశాడు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక ఈ వాలుకు పట్టా వచ్చింది. తాత నాటి పోడు మీద మనవడికి కాగితం. 2015లో ఈ చింతపల్లి, జెర్రెల కొండల్లో 1212 హెక్టార్ల అడవిని బాక్సైటు తవ్వకాలకు ఇస్తూ 97వ నంబరు జీవో వచ్చినప్పుడు గూడేలన్నీ రోడ్డెక్కాయి. 2019లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. "మీకేం భయం, పట్టా ఉందిగా" అన్నాను. "పట్టా పైనది బాబూ. బాక్సైటు కింద ఉంది కదా" అన్నాడు. 1997లో బొర్రా గనుల విషయంలో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు లీజులు చెల్లవని తీర్పు చెప్పిన సంగతి ఆయనకు తెలుసు. అయినా భయం భయమే.

చెట్లు కొట్టి ఇంకేదైనా వేసే ఆలోచన లేదా అని అడిగాను. "నీడ పోతే కాఫీ పోద్ది" అన్నాడు. నూట నలభై ఏళ్ళుగా సర్కారు కొండవాడితో అడవి కావాలా, చేను కావాలా, ఒకటి చెప్పు అంటూనే ఉంది. అడవి ఉంటేనే చేను ఉంటుందనే పంట ఒకటి ఇక్కడ దొరికింది. దొరకడం కాదు, మూడు తరాల కూలి తరువాత దక్కింది. అందులో సర్కారు ఘనత ఎంతో, ఆ మూడు తరాలది ఎంతో ఈ దారి ఎక్కి చూస్తేగాని తెలియదు.

లేవబోతుంటే ఆయన నన్నొక మాట అడిగాడు. "మీకూ మీ ఊళ్ళో భూములున్నాయా బాబూ?" ఉన్నాయన్నాను. "ఎవరి దగ్గర కొన్నారు?" అన్నాడు. మాటవరసకే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మా తాతగారు 1950ల చివర కృష్ణా జిల్లా మెట్ట నుంచి దమ్మపేట వైపు వచ్చారు. ఒక కోయ రైతు దగ్గర సాదా కాగితం మీద భూమి రాయించుకున్నారు. గిరిజనుల భూమి బదలాయింపును ఆపే 1959 నాటి నిబంధనలను 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేశారు. 1970లో ఒకటి బై డెబ్భై వచ్చింది. ఆ చట్టాల ముందు మా కాగితం ఎక్కడ నిలుస్తుందో వకీళ్ళు చెప్పాలి. తాతగారు మోసం చేశారని నేను అనడం లేదు. అడవి నరికి, పాములతో పోరాడి, జ్వరాలు పడి సాగుచేశామని ఇంట్లో ఎన్నో కథలు విన్నాను. ఆ కథల్లో అమ్మినవాడు ఎక్కడా కనబడడు. ఆ నేలలో ఇప్పుడు మా పామాయిల్ గెలలు కాస్తున్నాయి. నీడనిచ్చే పాత చెట్టు ఒక్కటీ లేదు. 2023లో తెలంగాణలో పోడు పట్టాలు పంచినప్పుడు మా చుట్టుపక్కల గూడేల్లో కాగితం చేతపట్టుకుని ఫొటో దిగిన ముసలివాళ్ళను చూశాను. వాళ్ళలో ఎవరి తండ్రి మా కాగితంలో ఉన్నాడో అన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు. చింతపల్లి దాకా వెళితే వచ్చింది.

ఇంటికి వచ్చాక ఇనప్పెట్టె తీసి ఆ కాగితం చూశాను. మడతల దగ్గర చిరిగింది. ఎకరాలున్నాయి, హద్దులున్నాయి, సాక్షుల సంతకాలున్నాయి. అమ్మినవాడి వేలిముద్ర ఉంది. దాని పక్కన ఇంటిపేరు లేని ఒక పేరు, అంతే. ఏ గూడెమో రాయలేదు. ఆ పేరు గలవాళ్ళ ఇల్లు ఎక్కడుండేదో ఊళ్ళో పెద్దవాళ్ళను అడగడం మొదలుపెట్టాను. దొరికితే ఏం చేస్తానో ఇంకా నాకే తెలియదు. ముందు ఇల్లు దొరకనీ, మిగతాది ఇక్కడే రాస్తాను.