తూర్పు హైదరాబాదున దేశవాళీ మొక్కలు – వానిని వెదకి కూడిన జనులు

హైదరాబాదు నగరమునకు తూర్పున, విజయవాడకు పోవు రాజమార్గమునకు ఇరువైపుల నేడు దిల్‌సుఖ్‌నగరు, కొత్తపేట, లాల్ బహదూరు నగరు, వనస్థలిపురము అను పేటలు సందులేక అల్లుకొనియున్నవి. 2018 సెప్టెంబరునుండి మెట్రో రైలు సైతము లాల్ బహదూరు నగరు వరకు నడచుచున్నది. అయినను ఈ భూభాగము పూర్వము పల్లెలకును, మెట్టచేలకును, చెరువులకును, రాతిగుట్టలకును ఆటపట్టు. మలక్‌పేట జాగీర్దారు దిల్‌సుఖ్‌రాం పర్షాదు పేర వెలసిన దిల్‌సుఖ్‌నగరు, సాగుభూమిని ఇండ్లస్థలములుగ పంచి విక్రయింపగా ఏర్పడినదే. లాల్ బహదూరు నగరు పేరు ప్రధానమంత్రి లాల్ బహదూరు శాస్త్రిగారిది. పేర్లు మనుష్యులవి; నేల మాత్రము తుమ్మది, తంగేడుది, మోదుగది.

ఇచ్చటి కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి ఆలయమును గూర్చి ఒక ఐతిహ్యము కలదు. కాకతీయ ప్రోలరాజు వేటకై వచ్చి, అలసి ఒక చెట్టునీడను విశ్రమించెననియు, పులిగాండ్రింపు విని వెదకబోగా పొదలనడుమ నుండి రామనామము వినవచ్చెననియు, అచ్చట హనుమద్విగ్రహము కానవచ్చెననియు చెప్పుదురు. ఐతిహ్యమును చరిత్రగ గైకొనవలసిన పనిలేదు. కాని ఇప్పుడు బస్సులు బారులుతీరు చోట ఒకనాడు పులి గాండ్రించెనని జనులు నమ్మగలిగిరన్న, అచ్చటి అడవి వారి జ్ఞాపకమున ఎంతకాలము నిలిచెనో తెలియగలదు.

ఇక ఈ నేల మొక్కలను ప్రేమించి, గుర్తించి, వెదకుటకు ఏర్పడిన సంఘమేది? కార్యవర్గము, సభ్యత్వ రుసుము, తీర్మానముల పుస్తకము గల సంఘములు ఇటీవలివి. అవి పుట్టకపూర్వమే ఏటేట తప్పక జరిగిన సమావేశములు కలవు. వానిలో ప్రథమస్థానము బతుకమ్మది.

భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదిదినములు సాగి సద్దుల బతుకమ్మతో ముగియు ఈ పండుగకు విగ్రహము లేదు, పూలే దేవత. తెలతెలవారుచుండగనే బాలురును, పురుషులును సంచులు చంకనిడుకొని చేలగట్లకు, గుట్టలకు పోయి పూలు కోసితెచ్చెడివారు. తంగేడు ఎచ్చట పూచినది, గునుగు ఏ జొన్నచేనిలో దట్టముగ నున్నది, తామర ఏ కుంటలో విరిసినది అనునది ఊరివారందరికి తెలిసియుండెడిది. తల్లి తాంబాళమున ఆకులు పరచి, గునుగుపూలకు రంగులద్ది, వరుసవెంట వరుసగ పేర్చుచుండగా పక్కనుండి కాడలు కత్తిరించు బాలిక పది పదునైదు మొక్కల పేర్లు, వాని వాసన, అవి పూచు కాలము బడికి పోకయే నేర్చుకొనెడిది. వృక్షశాస్త్రమున ఇంతకంటె మంచి పాఠము మరియొకటి ఉండబోదు.

తంగేడు ఊరక పూచి రాలిపోవు పొద కాదు. దాని చెక్క తోళ్ళు పదునుచేయుటకు దక్షిణదేశమంతట ప్రసిద్ధము. పూలు, ఆకులు ఇంటివైద్యమునకు ఉపకరించును. వానలేని ఏడుసైతము రాతినేలను పట్టుకొని నిలుచును. గునుగు రైతు దృష్టికి కలుపుమొక్క. పండుగ దృష్టికి బతుకమ్మకు సగము ఒడలు. చేలలో కలుపుమందులు వాడుకలోనికి వచ్చినపిదప ఈ కలుపునకు ముప్పు వాటిల్లినది. రైతును తప్పుపట్టుటకు వీలులేదు. కాని ఒకే మొక్క ఒకచోట శత్రువును వేరొకచోట చుట్టమును అగుట చిత్రము.

ఒక్క మాట. బతుకమ్మలోని పూలన్నియు ఈ దేశమువే అనుకొనుట పొరబాటు. బంతియు, గుమ్మడియు సముద్రములు దాటి అమెరికాఖండమునుండి వచ్చినవి. కొత్తపేటలో ఇటీవలివరకు నడచిన గడ్డిఅన్నారము పండ్లసంతకు శరత్కాలమున రాశులుగ వచ్చిన సీతాఫలమును, సీతమ్మ పేరు పెట్టుకొన్నను, అమెరికాదే. అవి వచ్చి శతాబ్దములైనవి. ఈ నేలకు ఏమియు కీడు చేయలేదు. కావున దేశవాళీ మొక్కల అభిమానము పరదేశపు మొక్కపై పగగ మారరాదు. ఏది వచ్చి ఇమిడినది, ఏది వచ్చి ఆక్రమించినది అను విచారణయే ముఖ్యము.

ఈ విచారణకు జమ్మికంటె మంచి ఉదాహరణము దొరకదు. దసరానాడు ఊరంతయు జమ్మిచెట్టుకడ గుమిగూడి, పూజించి, ఆకును ‘బంగారము’ అని పెద్దల చేతులలో ఉంచి మ్రొక్కుట రెండవ సమావేశము. పాండవులు తమ ఆయుధములు దాచినది ఈ చెట్టుపైననే యని భారతకథ. దాని దాయాది సర్కారు తుమ్మ. అమెరికాకు చెందిన ఈ చెట్టు గింజలను 1877లో కడప మండలమున విత్తిరి. వంటచెరకు కొరత తీరునని తలచి తెచ్చిన చెట్టు, చెరువుకట్టలను, బంజరులను ఆక్రమించి తక్కిన మొక్కలను ఎదుగనీయని స్థితికి వచ్చినది. పేదలకు కట్టెలు, బొగ్గు ఇచ్చినదనుటయు సత్యమే. తెలంగాణ ప్రభుత్వము 2014లో జమ్మిని రాష్ట్రవృక్షముగను, తంగేడును రాష్ట్రపుష్పముగను ప్రకటించినది. అప్పటికి నగరపు ఈ భాగమున పుట్టి పెరిగిన పిల్లలలో జమ్మిచెట్టును చూచినవారికంటె జమ్మియాకును మాత్రమే చూచినవారే అధికము.

మూడవది కార్తికమాసపు వనభోజనము. ఉసిరిచెట్టుక్రింద కూర్చుండి భుజించుట ఆచారము. చెట్టు లేనిచో కొమ్మనైనను నాటి భుజింతురు. ఈ మూడు కూటములకును ఒక సామాన్యగుణము కలదు: మొక్క ఉన్నచోటికి మనుష్యుడు పోవలెను. ఆ పోకయే మొక్కను కాపాడినది. దాని పేరును కాపాడినది.

పేర్ల చరిత్రయు ఇట్టిదే. విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు పదునెనిమిదవ శతాబ్దపు చివర సామర్లకోటలో నివసించి, తూర్పుతీరపు మొక్కలను సేకరించి, దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించెను. 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగ వెలువడిన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథమున మూడువందల చిత్రములు కలవు. తెలుగు పేర్లును వానితోపాటు నమోదైనవి. ఆ పేర్లను ఆయనకు చెప్పినది ఏ గ్రంథమును కాదు, ఈ దేశపు జనులే. మన సోమిదచెట్టు పేరు నేటికిని శాస్త్రజ్ఞుల లాటిను నామములో ‘సోయ్‌మిడా’ అని వినబడుచుండును. నైజాము రాజ్యపు అటవీవృక్షములనుగూర్చి పార్ట్రిడ్జ్ 1911లో ఒక గ్రంథము ప్రకటించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయపు సయీదుద్దీన్ 1930ల దశకమున హైదరాబాదు రాజ్యమునందలి పుష్పజాతులపై వ్యాసములు వ్రాసెను. 1906లో హైదరాబాదున పుట్టిన విజ్ఞానచంద్రికామండలి శాస్త్రవిషయములను తెలుగున చెప్పవచ్చునని నిరూపించినది. అయినను మొక్కల వివరగ్రంథములు ఎక్కువగ ఇంగ్లీషుననే వెలువడుటచేత, పేరు చెప్పిన పల్లెవానికి ఆ పేరున్న పుస్తకము అందలేదు. ఈ లోటు గ్రంథాలయములకు తెలియనిది కాదు.

ఇంతలో నగరము పెరిగినది. సరూర్‌నగరు చెరువుచుట్టును పొలములు పోయి కాలనీలు వచ్చినవి, చెరువునీరు చెడినది. గట్లమీది తంగేడు గోడలక్రింద పడిపోయినది. ఈ విధ్వంసమున ఒక పెద్ద తునుక మాత్రము మిగిలినది. నిజాము ప్రభువులు వేటకై ఉంచుకొన్న అడవిని ప్రభుత్వము 1975లో, మహావీరుని నిర్వాణమునకు 2500 సంవత్సరములు నిండిన సందర్భమున, ఆయన పేర మహావీర హరిణవనస్థలిగ నెలకొల్పినది. వేటభూమికి అహింసాప్రవక్త పేరు పెట్టుట కాలము చేసిన మార్పు. పిదప అది జాతీయ ఉద్యానవనమైనది. దాని వైశాల్యము సుమారు 14.59 చదరపు కిలోమీటర్లు.

ఇది కృష్ణజింకకై ఏర్పడినది. కాని జింకతోపాటు రక్షణ పొందినది దక్కను పొదయడవి. తుమ్మ, మోదుగ, రేల, వేప, చందనము, తంగేడు, వీనినడుమ గడ్డిబయళ్ళు అచ్చట కలవు. కృష్ణజింక దట్టమైన అడవిని కోరదు. పరుగెత్తుటకు, దూరమునుండి శత్రువును చూచుటకు తెరపినేల కావలెను. చెట్టు నాటుట ఎల్లవేళల పుణ్యమను భావము జనులలో బలముగ నున్నది. గడ్డి ఉండవలసిన చోట చెట్లు నాటుట జింక ఇంటిని కూల్చుటయే. పనికిరాని బంజరుగ కనబడు నేలయే ఈ ప్రాంతపు అసలు రూపమని తెలిసికొనుటకు చాల కాలము పట్టినది.

అట్లు తెలిసికొన్నవారిలో కొందరు నగరమున సంఘములుగ ఏర్పడిరి. 1980లో పక్షివీక్షకుల సంఘము స్థాపింపబడినది. నేడది దక్కను బర్డర్సు అను పేర నడచుచున్నది. ‘పిట్ట’ అను పత్రికను వెలువరించినది. సెలవుదినపు ఉదయమున చెరువులకు, అడవులకు నడచిపోవుట వారి ముఖ్యకార్యము. 1996లో ఏర్పడిన శిలాసంరక్షణ సంఘము రాతిగుట్టలనడుమ నడకలు జరుపుచున్నది. ఈ రెండును మొక్కలకై పుట్టినవి కావు. కాని పిట్టను వెదకువాడు అది వాలిన చెట్టు పేరును అడుగక మానడు. రాతిని చూడబోయినవాడు రాతిసందున వేళ్ళూనిన మొక్కను చూడక మానడు. నగరమునకు పడమట చేవెళ్ళ మార్గమున, రహదారి విస్తరణలో పోనున్న తొమ్మిదివందలకు పైబడిన మర్రిచెట్లను అభిమానులు ఒక్కొక్కటిగ లెక్కించి, 2021లో జాతీయ హరిత న్యాయస్థానమును ఆశ్రయించిరి. ఇట్లు లెక్కించుటయు పూలు కోయబోవుటవంటిదే; చెట్టుకడకు కాలినడకను పోనివానికి అది సాధ్యము కాదు.

తూర్పుభాగమున బతుకమ్మ తగ్గలేదు, పెరిగినది. 2014లో అది రాష్ట్రపండుగయైనది. 2025 సెప్టెంబరున సరూర్‌నగరు క్రీడాప్రాంగణమున అరువది అడుగులకు మించిన బతుకమ్మను నిలిపిరి. వేయిమందికి పైగా స్త్రీలు ఒక్కలయగ ఆడిరి. గిన్నిసు గ్రంథమున ఆ ఘనత నమోదైనది. పూర్వము ఆ మైదానపు పరిసరములలోనే తాంబాళమునకు చాలునంత తంగేడు దొరకెడిది. నేడు పండుగదినములలో దిల్‌సుఖ్‌నగరు, కొత్తపేట బాటల ప్రక్కన దూరపుపల్లెల స్త్రీలు తంగేడు, గునుగు కట్టలుగట్టి అమ్ముదురు. దసరానాడు జమ్మిరెమ్మలు అమ్ముదురు. కొనువారిలో పెద్దలు గునుగును చేతబట్టి చూచి, ఇది ఏ చేనిదో అడుగుదురు. పిన్నలు ధర అడుగుదురు. అదే సమయమున వనస్థలి కంచెకు లోపల తంగేడు విరగబూచియుండును. జాతీయ ఉద్యానవనములనుండి పూవునైనను కోసికొనిపోవుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అనుమతింపదు.