డబ్ల్యూడబ్ల్యూఈ: అండర్‌టేకర్ అందరికీ తెలుసు.. మరి గుంథర్ ఎవరు? పాత రెజ్లర్లకే ఇంత పేరు ఎందుకు?

అండర్‌టేకర్ పేరు చెబితే రెజ్లింగ్ చూడనివాళ్లు కూడా గుర్తుపడతారు. పొడవాటి జుట్టు, నల్ల కోటు, పైకి తిరిగిపోయే కళ్లు.. అంతే, మనిషి కళ్ల ముందుకొచ్చేస్తాడు. మరి గుంథర్? ఇతను ఆస్ట్రియాకు చెందిన రెజ్లర్. 2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో జాన్ సీనా కెరీర్‌లోని ఆఖరి మ్యాచ్‌లో అతన్ని ఓడించింది ఇతనే. అయినా రెగ్యులర్ ఫ్యాన్స్‌ని పక్కన పెడితే, మన దగ్గర ఈ పేరు వినగానే 'ఎవరాయన?' అని అడిగేవాళ్లే ఎక్కువ.

హల్క్ హోగన్ రోజులతో పోలిస్తే కంపెనీ ఇప్పుడు ఎన్నో రెట్లు పెద్దది. డబ్బుకు కొదవ లేదు. అయినా ఇప్పటి స్టార్ల పేర్లు ఇంటింటికీ ఎందుకు చేరట్లేదు?

ఒక్క రాత్రి 3.3 కోట్ల మంది

1988 ఫిబ్రవరి 5. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్ ప్రైమ్ టైమ్‌లో హల్క్ హోగన్, ఆండ్రే ది జెయింట్ మ్యాచ్ లైవ్ ఇచ్చింది. దాదాపు 3.3 కోట్ల మంది చూశారు. అమెరికా టీవీలో ఏ రెజ్లింగ్ మ్యాచ్‌కూ అంతమంది ప్రేక్షకులు మళ్లీ రాలేదు. ఇక ఆ రోజు స్టోరీ అయితే మామూలుగా లేదు. రిఫరీ డేవ్ హెబ్నర్ స్థానంలో అచ్చం అతనిలాగే ఉన్న ఇంకొకరు రింగ్‌లోకి వచ్చి హోగన్‌ని మోసం చేసి ఓడించాడు. ఆ వచ్చింది నిజంగానే డేవ్ కవల సోదరుడు ఎర్ల్!

అంతకు ముందు ఏడాది, 1987 మార్చి 29న మిషిగన్‌లోని పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో ఇదే ఆండ్రేని హోగన్ ఎత్తి పడేశాడు. ఆ రెజిల్‌మేనియా 3కి 93,173 మంది వచ్చారని కంపెనీ ప్రకటించింది. అంతమంది రాలేదని రెజ్లింగ్ జర్నలిస్టులు వాదిస్తుంటారు, అది వేరే గొడవ. హోగన్‌ని రెజ్లింగ్ ఫ్యాన్ కానివాళ్లు కూడా గుర్తుపట్టేవాళ్లన్నది మాత్రం నిజం. 1982లోనే 'రాకీ 3' సినిమాలో కనిపించాడు కూడా.

ఆ తర్వాత స్టోన్ కోల్డ్, రాక్ రోజులు వచ్చాయి. 1995 నుంచి 2001 వరకు సోమవారం రాత్రుళ్లు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 'రా', డబ్ల్యూసీడబ్ల్యూ 'నైట్రో' ఒకదానిపై ఒకటి పోటీ పడ్డాయి. 1999 మే 10న వచ్చిన రా ఎపిసోడ్ 8.1 రేటింగ్ కొట్టింది. ఆ రోజు నైట్రో టెలికాస్ట్ కాలేదనుకోండి.

గుట్టు దాచిన రోజులు

రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే రాసుకున్నవని ఇప్పుడు చిన్నపిల్లలకూ తెలుసు. ఒకప్పుడు ఆ గుట్టు బయట పడకుండా కాపాడుకోవడమే ఈ వ్యాపారంలో పెద్ద రూల్. దాన్ని 'కేఫేబ్' అంటారు. అథ్లెటిక్ కమిషన్ల రూల్స్ నుంచి తప్పించుకోవడానికి 1989లో కంపెనీయే న్యూజెర్సీలో ఇది వినోదమేనని ఒప్పుకుంది. అయినా రెజ్లర్లు మాత్రం పాత్రని వదల్లేదు.

దీనికి పెద్ద ఉదాహరణ అండర్‌టేకరే. 1990 నవంబర్ 22న సర్వైవర్ సిరీస్‌లో అడుగుపెట్టాడు. మధ్యలో కొన్నాళ్లు బైక్ మీద వచ్చే గెటప్ వేసినా, అసలు మనిషి మార్క్ కాలవే మాత్రం బయటికి పెద్దగా కనిపించేవాడు కాదు. 2020లో 'ది లాస్ట్ రైడ్' డాక్యుమెంటరీతో గానీ మనసు విప్పి మాట్లాడలేదు. ఇప్పటి రెజ్లర్ అలా కాదు. రాత్రి రింగ్‌లో విలన్, పొద్దున పాడ్‌కాస్ట్‌లో నవ్వుతూ కబుర్లు. మనిషి దగ్గరవుతాడు కానీ ఆ మిస్టరీ మాత్రం పోతుంది.

ఏడు ప్రాణాల అండర్‌టేకర్

మన దగ్గర ఈ మిస్టరీ ఇంకో లెవెల్‌లో పని చేసింది. 90ల్లో కేబుల్ వచ్చిన కొత్తలో ఇంటికి ఒకటే టీవీ. పిల్లలు పెడితే తాతయ్య, నానమ్మ కూడా చూడాల్సిందే. 'పాపం, కుర్చీతో కొట్టేస్తున్నాడే' అంటూ వాళ్లూ లీనమైపోయేవాళ్లు. స్కూల్ బ్యాగుల్లో ట్రంప్ కార్డులు. ర్యాంక్, హైట్, వెయిట్ చెప్పి పక్కవాడి కార్డు లాగేసుకోవడం. అండర్‌టేకర్‌కు ఏడు ప్రాణాలు ఉన్నాయని స్కూళ్లలో పెద్ద పుకారు. గూగుల్ లేదు కాబట్టి నమ్మడం తప్ప వేరే దారి లేదు.

1996లో అక్షయ్ కుమార్ 'ఖిలాడియోం కా ఖిలాడి'లో అండర్‌టేకర్‌తో ఫైట్ చేశాడని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. ఆ సినిమాలో ఉన్నది బ్రయాన్ లీ. విచిత్రం ఏంటంటే 1994 సమ్మర్‌స్లామ్‌లో కంపెనీ తెచ్చిన 'నకిలీ అండర్‌టేకర్' కూడా ఇతనే.

2007లో గ్రేట్ ఖలీ వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యేసరికి ఇంట్లో పెద్దవాళ్లు కూడా 'మనోడు' అనడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఎక్కడ చూస్తున్నారు?

2025 జనవరి 6న రా నెట్‌ఫ్లిక్స్‌కు మారింది. డీల్ విలువ 10 ఏళ్లకు 500 కోట్ల డాలర్లకు పైమాటే. తొలి ఎపిసోడ్‌కు ప్రపంచవ్యాప్తంగా 49 లక్షల వ్యూస్ వచ్చాయని నెట్‌ఫ్లిక్స్ చెప్పింది. టీవీ ప్రేక్షకుల్ని లెక్కపెట్టే పద్ధతి వేరు, వ్యూస్ లెక్క వేరు. కాబట్టి 3.3 కోట్లతో నేరుగా పోల్చలేం. అయినా తేడా మాత్రం కళ్లకు కడుతోంది. మరోవైపు యూట్యూబ్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ ఛానల్ 10 కోట్ల సబ్‌స్క్రైబర్లను దాటేసింది.

రోమన్ రెయిన్స్‌నే తీసుకోండి. 1,316 రోజులు యూనివర్సల్ ఛాంపియన్‌గా ఉండి, 2024 ఏప్రిల్‌లో కోడీ రోడ్స్ చేతిలో ఓడాడు. బ్లడ్‌లైన్ కథలో ఎవరు ఎవరికి అన్న, ఎవరు ఎవరికి కజిన్ అనేది ఫ్యాన్స్‌కు కంఠతా వచ్చు. కానీ అదంతా ఫ్యాన్ ఫోన్‌లోనే ఉంటుంది. పక్కన కూర్చున్న అమ్మ ఫోన్‌లో వంటల వీడియో వస్తుంటుంది. పాత స్టార్లు చూడనివాళ్ల కళ్లల్లో కూడా పడ్డారు. ఇప్పటివాళ్లు వెతుక్కునేవాళ్లకే కనిపిస్తున్నారు. టాలెంట్ తగ్గిందని కాదు.

అందుకే బయట పేరు కావాలంటే ఇప్పుడు సినిమానే దారి. ఇన్‌స్టాలో రాక్‌కు 30 కోట్లకు పైగా ఫాలోవర్లు. వాళ్లలో ఎంతోమందికి అతను 'మోనా' వాయిస్, 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' హీరో మాత్రమే.

పాత పేరుకు కట్టిన రేటు

ఆ రోజులన్నీ బంగారమేం కాదు. 1999 మే 23న కాన్సస్ సిటీలో పైనుంచి రింగ్‌లోకి దిగే స్టంట్‌లో పడిపోయి ఓవెన్ హార్ట్ చనిపోయాడు. షో మాత్రం ఆపలేదు. 2005 నవంబర్‌లో ఎడ్డీ గెరెరో 38 ఏళ్లకే కన్నుమూశాడు. ఆ తర్వాతే 2006లో రెజ్లర్లకు డ్రగ్ టెస్టులు, హార్ట్ చెకప్‌లతో వెల్‌నెస్ పాలసీ వచ్చింది. కుర్చీతో తలపై కొట్టడం 2010లో గానీ బంద్ కాలేదు.

పేరున్నంత మాత్రాన అభిమానం కూడా ఉంటుందనుకోవద్దు. జాతి వివక్ష మాటలు బయటపడటంతో 2015లో హోగన్‌ని కంపెనీ వదిలించుకుంది, 2018లో తిరిగి తెచ్చుకుంది. నెట్‌ఫ్లిక్స్ తొలి రా రోజు లాస్ ఏంజెలెస్‌లో అతను మైక్ పట్టుకుంటే స్టేడియం మొత్తం గోల చేసి వెటకారం చేసింది. అదే ఏడాది జులై 24న 71 ఏళ్ల వయసులో చనిపోయాడు. అక్కడ గోల చేసినవాళ్లలో అతనెవరో తెలియనివాళ్లు దాదాపు లేరనే చెప్పాలి.

ఇక మన హైదరాబాద్ సంగతి. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగిన సూపర్‌స్టార్ స్పెక్టాకిల్‌లో జాన్ సీనా తొలిసారి ఇండియాలో ఫైట్ చేశాడు. సేత్ రోలిన్స్‌తో జోడీ కట్టి గెలిచాడు. ఎదురుగా ఉన్నది ఇంపీరియమ్ టీమ్ నుంచి లుడ్విగ్ కైజర్, జియోవానీ విన్సీ. ఆ టీమ్ లీడర్ ఎవరో కాదు, గుంథరే.